విమానపు ఇంజనుకు పెట్రోలు లెక్క

నిష్పత్తులు, శాతాలు పరీక్షల కోసమే అనుకునే తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఈ పాఠం రాస్తున్నాము. ఈ లెక్క తప్పితే పోయేది మార్కులు కాదు, ప్రాణం.

అమెరికాలో సొంతంగా విమానం తయారు చేసుకునేవారున్నారు. పనిలో సగానికి పైగా తామే చేస్తే 'ప్రయోగాత్మక' తరగతి కింద అనుమతి లభిస్తుంది. వారిలో కొందరు మాజ్డా కారులోని 13బి రోటరీ ఇంజను బిగిస్తారు. ఇందులో పిస్టన్లుండవు. మూడు మూలల రోటర్లు రెండుంటాయి. ఒక్కొక్కటి 654 సి.సి. ఈ రకం ఇంజను జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్ కృషితో 1957లో మొదట నడిచింది.

పెట్రోలును చిమ్మే విద్యుత్ కవాటమే ఇంజెక్టర్. అది ఎంత పెద్దది కావాలి?

లెక్క: 180 అశ్వసామర్థ్యం కావాలనుకుందాం. పూర్తి శక్తి వద్ద ఒక్కో అశ్వసామర్థ్యానికి గంటకు సుమారు 250 గ్రాముల పెట్రోలు కావాలి.

1. 180 × 250 = 45,000 గ్రాములు.
2. లీటరు పెట్రోలు సుమారు 750 గ్రాములు. 45,000 ÷ 750 = గంటకు 60 లీటర్లు. అంటే నిమిషానికి 1000 సి.సి.
3. రోటరుకు రెండు చొప్పున నాలుగు ఇంజెక్టర్లు. ఒక్కొక్కదానికి 250 సి.సి.
4. ఇంజెక్టర్‌ను 80 శాతం కాలమే తెరవాలి. 250 ÷ 0.8 = 312.5 సి.సి.

80 శాతమే ఎందుకు? ఇరుసు నిమిషానికి 6000 చుట్లు తిరిగితే ఒక చుట్టుకు పట్టేది సెకనులో నూరో వంతు. ప్రతి చుట్టుకూ ప్రతి రోటరూ ఒకసారి మండుతుంది. నాలుగు స్ట్రోకుల పిస్టన్‌కైతే రెండు చుట్ల వ్యవధి దొరుకుతుంది. కవాటం తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ కొంత సమయం విడిచిపెట్టాలి కదా!

చిన్నదైతే పెట్రోలు చాలదు. మిశ్రమం పలచబడి, ఇంజను లోపల విస్ఫోటనం జరిగి, రోటరు మూలల సీళ్లు విరుగుతాయి. కారైతే రోడ్డు పక్కన ఆపవచ్చు. విమానానికి పూర్తి శక్తి కావలసింది నేల విడిచే ఆ క్షణంలోనే. మరీ పెద్దదైతే నెమ్మదిగా నడిచేటప్పుడు కొద్దిపాటి పెట్రోలును కచ్చితంగా కొలవలేదు. అందుకే తక్కువ శక్తి వద్ద రెండింటినే వాడి, తర్వాత మిగతా రెండింటిని కలుపుతారు.

ఇంకొక ప్రశ్న. గాలిలో ఒక ఇంజెక్టర్ చెడిపోతే? నాలుగింట మూడు మిగిలాయిగా అని సంతోషించరాదు. ఆ రోటరుకు మిగిలింది ఒక్కటే. పూర్తి శక్తికి ఆ రోటరుకు 500 సి.సి. కావాలి, ఉన్నది 312.5. శక్తిని సగానికి తగ్గిస్తే 250 చాలు. మిగిలినదాన్ని 80 శాతం తెరిస్తే సరిగ్గా అంతే వస్తుంది. మొత్తం సరిపోయిందా అన్నది కాక, ఎవరి వాటా ఎవరికి అందుతోందో చూడాలి. మన మెస్సులో వడ్డనకైనా ఇదే సూత్రం!

అభ్యాసం: 200 అశ్వసామర్థ్యానికి లెక్క కట్టండి. సుమారు 347 సి.సి. వస్తే మీరు పాఠం నేర్చుకున్నట్లే.