బందెలదొడ్డి వ్యయమును భరింపవలసిన దెవరు?

పంచాయతీ ఆదాయ వ్యయముల పట్టికలో బందెలదొడ్డి రాబడి వైపున నుండవలసిన పద్దని మన పెద్దలు చిరకాలము నుండి భావించుచు వచ్చిరి. దొడ్డి తన ఖర్చు తానే సంపాదించుకొనునని వారి తలంపు. దొడ్లు పాడుపడుటకు ఈ తలంపే ముఖ్యకారణమని మా యభిప్రాయము. పైరు పోగొట్టుకొనువాడు రైతే, పశువును పోగొట్టుకొనువాడును రైతే గనుక సంఘ సభ్యులు ఈ లెక్కను చక్కగా గ్రహింపవలెను.

ఈ తలంపునకు మూలము 1871వ సంవత్సరపు పశువుల అక్రమ ప్రవేశ చట్టము. పైరున బడిన పసులను రైతు పట్టి 24 గంటలలోపల దొడ్డికి పంపవలెను. దొడ్డికాపరి వానిని చిట్టాలో వ్రాసికొని, రశీదిచ్చి, మేతయు నీరును పెట్టవలెను. యజమానుడు జుల్మానాయు మేతఖర్చును చెల్లించి విడిపించుకొనును. ఏడు దినములలో నెవరును రానిచో కాపరి పోలీసు ఠాణాకు తెలుపవలెను. అటుపిమ్మట ప్రకటన చేయించి, మరియేడు దినములు చూచి, వేలము వేయుదురు. ఆనాటి రేట్లు గేదెకు 8 అణాలు, ఆవునకును ఎద్దునకును 4 అణాలు, దూడకు 2 అణాలు, మేకకును గొఱ్ఱెకును 1 అణా. ఏనుగునకు 2 రూపాయలని కూడ వ్రాసిరి గాని, మన యూళ్ల దొడ్లలో దానిని కట్టుటకు గుంజ యెక్కడిది? వసూలయిన సొమ్ములో కాపరి జీతమును దొడ్డి ఖర్చును పోగా మిగిలినది బాటలకును వంతెనలకును వినియోగింపవలెనని యేర్పాటు. అనగా మిగులు తప్పక యుండునని చట్టము వ్రాసినవారు నమ్మిరి.

ఆ దినములలో ఆ నమ్మకము వట్టిది కాదు. ఎద్దు లేనిదే అరక సాగదు గనుక, ఎద్దు బందెకు పోయినదని వినగానే యజమానుడు పరుగున వచ్చి అణాలు చెల్లించెడివాడు. నేడు ట్రాక్టరు దున్నుచున్నది. కోడెదూడకు గిరాకి లేదు. వట్టిపోయిన యావును మేపుట భారమైనవాడు దానిని రాత్రివేళ ఊరి వెలుపల వదలి వచ్చును. 2019వ సంవత్సరపు 20వ పశుగణనలో దేశమున యజమానులు లేక తిరుగు పసులు సుమారు 50 లక్షలని తేలెను. ఇట్టి పశువును దొడ్డికి తోలినచో జుల్మానా చెల్లించువా డెవడు? వేలమునకు పాటదారు డెవడు? జుల్మానా హెచ్చించిన సరిపోవునని కొందరందురు. పశువు వెలకంటె జుల్మానా ఎక్కువయిన నాడు, వచ్చు యజమానుడు కూడ రాడు.

ఇక లెక్క చూతము. ఇవి ఉదాహరణకై మేము కల్పించిన యంకెలు; మీ యూరి ధరలను వేసి సవరించుకొనుడు. ఒక పంచాయతీలో నెలకు 5 పసులు దొడ్డికి వచ్చుననియు, ఒక్కొక్కటి 4 దినములుండుననియు, దినమునకు మేత ఖర్చు 100 రూపాయలనియు అనుకొందము. మేతకు 2,000, కాపరి జీతమునకు 12,000, వెరసి 14,000 రూపాయలు. ముగ్గురు యజమానులు వచ్చి తలకు 700 వంతున చెల్లించిన రాబడి 2,100. లోటు 11,900. ఇదే కాపరిని నాలుగు పంచాయతీలు కలిసి పెట్టుకొన్నచో జీతములో ఒక్కొక్క యూరి వంతు 3,000, మేతతో కలిపి 5,000. రాబడి పోగా లోటు 2,900 మాత్రమే. ఊరూర దొడ్డి గట్టి కాపరి లేకుండుటకంటె, నాలుగూళ్లకు ఒక దొడ్డియు జీతము నిలిచిన కాపరియు మేలు. దూరముగా నున్న యూరివారు పసులను తోలుకొనివచ్చు శ్రమ యొకటి కలదు. దానికై వంతులవారీగా కూలి ఏర్పరచుకొనవలెను.

దొడ్డి చక్కగా పనిచేసిన కొలది రాబడి తగ్గుననునది కూడ మరువరాదు. పట్టుబడుదుమను భయముచే యజమానులు పసులను కట్టివేయుదురు, జుల్మానాలు పడిపోవును, కాని కాపరి యుండవలసినదే. మంచెమీది కావలివానికి పిట్టల లెక్కనుబట్టి కూలి యిచ్చు రైతు కలడా? కాపరి జీతమును జుల్మానాకు ముడిపెట్టినను, దొడ్డిని గుత్తకిచ్చినను కలుగు కీడు ఇదియే. గుత్తదారునకు పసులు తప్పిపోయిననే లాభము. గట్టుమీద మేయుదానిని కూడ పైరున బడినదని తోలుకొనిపోవ వానికి ఆశ పుట్టును. మేత తగ్గించిన కొలది వాని మిగులు పెరుగును.

మరి జీతపు సొమ్ము ఎచ్చటనుండి రావలెను? 15వ ఆర్థికసంఘము 2021 మొదలు 2026 వరకు గ్రామ పంచాయతీలకు సిఫారసు చేసిన గ్రాంటులలో అధికభాగము మంచినీటికిని పారిశుద్ధ్యమునకును కట్టుబడినది. మిగిలిన దానిని జీతములకు వాడరాదని నిబంధన. రాజ్యాంగపు 12వ షెడ్యూలులో పురపాలక సంఘముల పనులయందు బందెలదొడ్లు 15వ యంశముగా స్పష్టముగా నున్నవి. పంచాయతీల 11వ షెడ్యూలులోని 29 అంశములలో వాని పేరే లేదు. కాబట్టి దొడ్డికి గోడయైనను నీటితొట్టియైనను ఏదో యొక గ్రాంటుతో కట్టవచ్చును గాని, కాపరి జీతము ఇంటిపన్ను మొదలగు సొంత రాబడినుండియే రావలెను. గోడ గట్టి కాపరిని పెట్టని దొడ్డిలో గడ్డి మొలచుట సహజమే.

కాపరికి చదువు వచ్చియుండవలెను. పశువు చెవికి 12 అంకెల బిళ్ల యున్నచో ఆ సంఖ్యను వ్రాసికొని పశువైద్యశాలలో విచారించిన యజమానుని పేరు దొరకుట కవకాశము కలదు. ఏడు దినములు మేపుటకంటె ఇది చవుక. సొమ్ము వసూలు మాత్రము కాపరి చేతిలో నుంచక, పంచాయతీ కార్యదర్శి రశీదుపై పుచ్చుకొనవలెను.

కుక్కల సంగతి వేరు. వీధికుక్కకు యజమానుడు లేడు, జుల్మానా లేదు, అంతయు ఖర్చే. 2001 నాటి నియమములకు బదులుగా 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము, స్థానికసంస్థ కుక్కలను పట్టించి, శస్త్రచికిత్సయు వెఱ్ఱికుక్క రోగపు టీకాయు చేయించి, పట్టినచోటనే విడువవలెను. ఒక ప్రాంతపు కుక్కలలో నూటికి 70కి టీకా పడినగాని ఆ రోగము వ్యాపింపకుండ ఆగదు. మన యూరిలో టీకాలు వేయించి పొరుగూరిలో వేయింపనిచో ఫలము స్వల్పము. వైద్యుడు, బోనులు, చికిత్సశాల యొక్క చిన్న పంచాయతీకి అలవిగానివి గనుక, ఇది మండలమంతయు కలిసి చేయవలసిన పని. వెఱ్ఱికుక్క కరచిన పాడిగేదెను పోగొట్టుకొన్న యింటివారికి ఈ ఖర్చు ఎక్కువని తోచదు.

సహకార సంఘము ఇందు చేయదగిన పని కొంత కలదు. దొడ్డికి కావలసిన చొప్పను, వరిగడ్డిని నెలవారీ పద్దుపై సరఫరా చేయవచ్చును. నాలుగూళ్ల సభ్యులు మన సంఘమున నొకచోట కూడుదురు గనుక, పంచాయతీల నడుమ పొత్తు మాట ఇక్కడనే మొదలు పెట్టవచ్చును. వచ్చు బడ్జెటు ఏప్రిలునకు ముందే తయారగును. అంతకు పూర్వము జరుగు గ్రామసభకు పోవు సభ్యులు మూడు సంఖ్యలను వ్రాసికొని పోవుడు: గడచిన యేట పైరున బడిన పసులెన్ని, వానిలో యజమానులు తేలినవెన్ని, మన యూరి వంతునకు వచ్చు కాపరి జీతమెంత.