మెట్లూ, మైదానమూ: ఒక పాత రంగస్థలం నేర్పే పాఠం

నాటకశాల అనగానే మనకు తెర, వేదిక, దీపాలు గుర్తుకొస్తాయి. కాని ప్రేక్షకుడు నడిచొచ్చే దారి, కూర్చునే మెట్టు, ఆట ముగిశాక నలుగురూ నిలబడి మాట్లాడుకునే ఖాళీ జాగా కూడా నాటకశాలలో భాగాలే. పాతదాన్ని తిరిగి కట్టేటప్పుడు ముందుగా మరచిపోయేది వీటినే. ఈ సంగతిని మన రాష్ట్రంలోని ఒక ఉదాహరణతో వివరిస్తాను.

క్రీ.శ. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. కృష్ణ కుడిగట్టున నాగార్జునకొండ లోయలో ఉన్న ఆ నగరంలో ఇటుకలతో కట్టిన ఆరుబయలు రంగస్థలం ఒకటి ఉండేది. మధ్యలో దీర్ఘచతురస్రాకారపు ఆటస్థలం, చుట్టూ పైకి లేచే మెట్లు. ఆ లోయలోని శిథిలాలు 1926లో వెలుగులోకి వచ్చాయి. నాగార్జునసాగర్ కడితే అంతా మునుగుతుందని 1954 నుంచి 1960 దాకా పెద్దయెత్తున తవ్వకాలు జరిపారు. 1955 డిసెంబరు 10న జలాశయానికి శంకుస్థాపన అయింది. ఆ తర్వాత రంగస్థలాన్ని అనుపు అనేచోట తిరిగి నిర్మించారు.

ఆ మెట్లలో భౌతికశాస్త్రం ఉంది. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దతీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. నాలుగు మీటర్ల దూరంలో ఉన్నవాడికి అందేదానిలో పదహారు మీటర్ల దూరంలో ఉన్నవాడికి అందేది పదహారో వంతే. చదును నేలమీదైతే ముందువాళ్ల తలలూ బట్టలూ అందులో మరికొంత మింగేస్తాయి. మెట్టు ఎక్కినకొద్దీ ఆ అడ్డు తొలగి, చూపూ మాటా సూటిగా చేరతాయి. మాలాంటి రైతుల మెట్టపొలాల్లో ప్రతి మడికీ ఎండ తగిలినట్టే ఇదీను.

అనుపుకు మెట్లొచ్చాయి, వాటికి దారితీసిన వీధులూ, ఆ వీధుల్లోని జనమూ రాలేదు. కట్టినవాళ్లను తప్పు పట్టడానికి లేదు. కట్టకపోతే ఆ మాత్రమూ మిగిలేది కాదు. అయితే జనం ఇంకా ఉన్నచోట మనమేం చేస్తున్నామన్నది ప్రశ్న.

మా అరకు కొండల్లో ఇటుకల రంగస్థలం లేదు. ఊరి మధ్య నేలే థింసాకు రంగం. ఆడవాళ్లు ఒకరి వెనుకనుంచి ఒకరు చేతులు పట్టుకుని గొలుసుగా కదులుతుంటే, డప్పూ తుడుమూ మోగుతుంటే, జనం చుట్టూ నిలబడతారు. చుట్టూ నిలబడ్డప్పుడు అందరికీ ఆట ఇంచుమించు ఒకే దూరం. కాలు ఆగనివాళ్లు గొలుసులో కలుస్తారు కూడా. అక్కడ ఎత్తయిన సిమెంటు వేదిక వేసి, ఒకేవైపు కుర్చీలు పరిస్తే ఏమవుతుంది? వలయం వంగి వరసవుతుంది. వెనుక కుర్చీకి శబ్దం పలచబడుతుంది. నిన్నటిదాకా ఆడినావిడ ఇవాళ ప్రదర్శన ఇచ్చేమనిషి అవుతుంది, ఆవిడ పొరుగామె ప్రేక్షకురాలవుతుంది.

"గట్టు కదిపితే నీరు దారి మార్చుకుంటాది" అంటాడు మా అయ్య. జనం సంగతీ అంతే. కాబట్టి కొత్త నమూనా గీసేముందు మనవాళ్లు ఎక్కడినుంచి వస్తున్నారు, ఎక్కడ కూర్చుంటున్నారు, ముసలివాళ్లకు నీడ ఎక్కడుంది, పసిపిల్లల్ని ఎక్కడ పడుకోబెడుతున్నారు అన్నవి చూసి, అడుగులతో కొలిచి కాగితంమీద పెట్టాలి. వాలు ఉంటే మెట్లు చెయ్యాలి, చదునుంటే వలయాన్ని వదిలెయ్యాలి. సైన్సు చదివే మనకు టేపూ, గడియారమూ, ఓపికా ఉంటే చాలు. మిత్రులారా! వచ్చే సెలవుల్లో మీ ఊరి ఆటస్థలాన్ని ఒకసారి కొలిచి చూడండి.