మొదటి గడిలో వయసు

విశాఖపట్నం

చి. చిట్టికి,

పీహెచ్‌డీలో చేరావని మీ అమ్మ చెప్పినప్పుడే ఫోన్ చేద్దామనుకున్నాను. నీ మెయిల్ చదివాక, ఇది ఫోన్‌లో తేలేది కాదనిపించి కూర్చుని రాస్తున్నాను. ఎం.డి. చేసినదానివి, హాయిగా ఉద్యోగం చూసుకోక ముసలివాళ్ల జ్ఞాపకశక్తి మీద పరిశోధన ఏమిటని చుట్టాలు అడుగుతున్నారని రాశావు. అడగనీ. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కాన్పులు తగ్గాయి, పెద్దవాళ్లు పెరుగుతున్నారు. రేపు ప్రతి పీహెచ్‌సీ అరుగు మీద కూర్చునేది వాళ్లే. వాళ్ల సంగతి తెలిసిన డాక్టరు మనింట్లో ఒకరు ఉండబోతున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

నువ్వు అడిగిందల్లా ఒకటే. లాసీ (లాంగిట్యూడినల్ ఏజింగ్ స్టడీ ఇన్ ఇండియా) డేటా దింపుకుని గదిలో కూర్చుని థీసిస్ రాసేయొచ్చా, లేక ఊళ్లు తిరగాలా అని. లాసీని తీసిపారేసేవాళ్ల మాట వినకు. దేశమంతటా 45 ఏళ్లు పైబడినవాళ్లనూ వాళ్ల జీవిత భాగస్వాములనూ కలిపి 72 వేల మందికి పైగా మనుషుల్ని 2017-18 విడతలో పలకరించారు. ముంబైలోని ఐఐపీఎస్, హార్వర్డ్, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ కలిసి చేసిన పని అది. అందులోంచి పుట్టిన లాసీ-డాడ్ అనే డిమెన్షియా అధ్యయనం వల్లనే 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో మనకు తెలిసింది. ఒక విద్యార్థి జన్మంతా తిరిగినా అంత పని చేయలేడు. వాడుకో. కానీ టైటిల్ ఖరారు చేసేలోపు ఏదో ఒక ఊళ్లో కొన్నాళ్లు ఉండి, నీ టేబుల్‌లో మొదటి గడి ఎలా నిండుతుందో కళ్లారా చూడు. మొదటి గడి అంటే వయసే. వార్ధక్యం మీద థీసిస్‌కి అదే పునాది, మన దగ్గర అన్నిటికంటే తక్కువ నమ్మదగిందీ అదే.

2015లో సర్వేకు వెళ్లినప్పుడు నాగాయలంక దగ్గరి ఊళ్లో ఒకావిడను వయసెంతమ్మా అని అడిగాం. "ఎనభై ఉంటాయి బాబూ" అంది మా కుర్రాడితో. ఆధార్ కార్డు తీస్తే 1945 జనవరి 1. డెబ్భై. మీ పెద్దబ్బాయి ఉప్పెననాటికి ఎంతవాడు అని నేనడిగాను. ఒకటో తరగతిలో వేశాం అంది. ఉప్పెన 1977 నవంబరు 19. అంటే పిల్లవాడు 1971 ప్రాంతాల పుట్టాడు. పెళ్లయిన మూడో ఏట పుట్టాడంది, పెద్దమనిషైన ఏడాదే పెళ్లి చేశారంది. పధ్నాలుగేళ్లు వేసుకున్నా 1954 దగ్గర పుట్టిన మనిషి. అరవై ఒకటి! నోటిమాటకూ, కార్డుకూ, ఈ లెక్కకూ మధ్య దాదాపు ఇరవై ఏళ్లు తేడా వచ్చింది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. పుట్టినరోజు ఎవరూ రాసిపెట్టలేదు. చాకిరీతో ఒళ్లు హూనమై ఎనభై ఏళ్లదానిలా అనిపించి ఎనభై అంది. కార్డు తీసినప్పుడు పుట్టిన తేదీ రుజువు లేకపోతే సుమారు వయసు రాసుకుని జనవరి 1 వేసేసేవారు. పైగా అప్పట్లో వృద్ధాప్య పింఛనుకు 65 నిండాలి.

ఆ తర్వాత ఆవిడ ఇంకో మాట చెప్పింది. ఉప్పెనలో చిన్నది పోయిందట, చంకలోంచి జారిపోయిందట. మేం కాగితాలు మూసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాం. ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఏడాదులు గుర్తుచేయడానికి వాడే సంఘటనల పట్టిక నువ్వూ తయారుచేసుకోవాలి. అందులో ప్రతి ఏడూ ఎవరికో ఒకరికి గాయమే. మీ తెలంగాణ వైపు ఊళ్లలో రజాకార్ల కాలం, 1948 పోలీసు చర్య, 1969 ఉద్యమం, 1986 గోదావరి వరద, ఇందిరాగాంధీ చనిపోయిన 1984 పనికొస్తాయి. ఊళ్లోకి కరెంటు వచ్చిన ఏడు, చెరువు తెగిన ఏడు అక్కడి పెద్దల్ని అడిగి చేర్చుకో. అడిగాక జవాబు కోసం తొందరపెట్టకు.

ఈ చిక్కు మన ఒక్కరిదే అనుకోకు. ఈక్వెడార్‌లో విల్కబాంబ అనే కొండ ఊరుంది. హార్వర్డ్ డాక్టరు అలెగ్జాండర్ లీఫ్ 1970ల మొదట్లో వెళ్తే ఒక పెద్దాయన తనకు 121 అన్నాడు. కొన్నేళ్ల తర్వాత అడిగితే గడిచిన ఏళ్లకంటే ఎక్కువే కలిపి చెప్పాడు. ఆ లోపలే నూరేళ్లు బతికించే లోయ అని ప్రపంచమంతా ప్రచారమైపోయింది. మేజెస్, ఫోర్మన్ అనే ఇద్దరు చర్చి రికార్డులు తిరగేసి 1979లో అచ్చువేసిన లెక్క ప్రకారం, అక్కడ నూరు దాటినవాళ్లు ఒక్కరూ లేరు, అందరికంటే పెద్దవాడికి 96. ఆ లోయ నీళ్లలోనూ తిండిలోనూ ఏముందో అని వెతికినవాళ్లు ముందు మొదటి గడి చూసి ఉంటే సరిపోయేది.

నీ విశ్లేషణలో దీని దెబ్బ ఎక్కడ తగులుతుందో చెబుతాను. అరవై ఏళ్ల మనిషి ఎనభై గుంపులో పడితే, ఎనభై ఏళ్లవాళ్ల జ్ఞాపకశక్తి భేషుగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. వయసుతో వచ్చే క్షీణత గీత చదునైపోతుంది. దానికి నువ్వు ఉమ్మడి కుటుంబమో, సాత్వికాహారమో కారణమని రాస్తావు. రిఫరీలు కూడా మెచ్చుకోవచ్చు. కాబట్టి డేటా చేతికి రాగానే ఒక్కో ఏడుకీ ఎంతమంది ఉన్నారో గ్రాఫు గీయి. 60, 65, 70 దగ్గర స్తంభాలు లేచి కనిపిస్తే జాగ్రత్తపడు. ఇలా గుమికూడడాన్ని కొలిచే విపుల్స్ ఇండెక్స్ కట్టమంటారు కొందరు. అది 23 నుంచి 62 మధ్య వయసులకు కట్టేది, నీ జనంలో ఎక్కువమంది ఆపైవాళ్లే. పుస్తకంలో ఉంది కదా అని పెట్టకు.

జబ్బు ఎప్పుడు మొదలైందన్న గడిదీ ఇదే కథ. సువర్ణ అల్లాడి గారి బృందం హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల మీద చేసి 2013లో ప్రచురించిన పని చదివే ఉంటావు. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని, బడి మొహం చూడనివాళ్లలోనూ ఆ తేడా కనిపించిందని తేల్చారు. అంతకుముందు టొరంటోలో ఇలాంటి ఫలితమే వచ్చింది గానీ, అక్కడ రెండు భాషలవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. తేడా భాషదో వలసదో తెలిసేది కాదు. హైదరాబాదులో తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడేవాడు అక్కడే పుట్టి పెరిగినవాడు. ఈ నగరంలో తప్ప అంత తేలిగ్గా అడగలేని ప్రశ్న అది, అందుకే నాకు ఆ పని అంటే గౌరవం. నీ ప్రశ్న కూడా అలా నీ చోటు నుంచి పుట్టాలి.

అయినా ఏ ఆసుపత్రిలోనైనా "ఎప్పటినుంచి?" అంటే చెప్పేది ఇంట్లోవాళ్లే. మా అమ్మ మరుపు సంగతే చూడు. చారులో ఉప్పు రెండుసార్లు పడిన రోజు నుంచీ అంటుంది మీ పెద్దత్తయ్య. అమెరికా నుంచి సంక్రాంతికి వచ్చినప్పుడు తన కొడుకు పేరు అడిగిందనీ, అప్పటినుంచే అనీ అంటాడు మీ చిన్న మామయ్య. ఇద్దరి మాటకూ మధ్య మూడేళ్లు. చారు పెట్టే పని అమ్మ చేతిలో లేకపోయి ఉంటే అత్తయ్యకు కూడా అంత త్వరగా తెలిసేది కాదు. ఏ పనీ చెప్పకుండా మూల కూర్చోబెట్టిన ముసలావిడకు మరుపు ఆలస్యంగా "మొదలవుతుంది". రోగి అప్పటికి ఇంట్లో ఏ పని చేస్తుండేదో నీ ప్రశ్నావళిలో తప్పకుండా అడుగు.

జ్ఞాపకశక్తి పరీక్షల విషయంలో గంగూలీ గారి బృందం బల్లభ్‌గఢ్‌లో చేసి 1995లో ప్రచురించిన హిందీ పరీక్ష చూడు. "కళ్లు మూసుకోండి" అని రాసిన కాగితం చదివి చేయమనే చోట, నా మొహం చూసి నేను చేసినట్టు చేయండి అని మార్చారు. చదువు రానివాళ్లను తెలివి లేనివాళ్లుగా లెక్కేయకూడదన్న పట్టుదల ఆ మార్పులో ఉంది. మార్కులు వేసేముందు చెవుల్లో గులిమి ఉందేమో, కళ్లకు శుక్లాలున్నాయేమో చూడు. వినపడని మాట ఎవరికీ గుర్తుండదు. కోడలు పక్కనుంచి అందిస్తుంటే మర్యాదగా ఆమెను వేరే ప్రశ్నలతో పనిలో పెట్టు. పంచాయతీ మనిషిని వెంటబెట్టుకుని వెళ్లకు, పింఛను ఎత్తేయడానికి వచ్చారనుకుని కార్డులో ఉన్న వయసే చెబుతారు. ఆశా కార్యకర్తతో వెళ్లు.

ఎవరు లేరో కూడా చూసుకో. బాల్టిమోర్ దీర్ఘకాల అధ్యయనం 1958లో మొదలైతే ఆడవాళ్లను చేర్చుకున్నది 1978లో. ఇరవై ఏళ్లపాటు మనిషి వార్ధక్యం అంటే మగవాడి వార్ధక్యమే. నీ ఊళ్లో నగరంలోని పిల్లల దగ్గరికి వెళ్లిపోయినవాళ్లు, మంచం దిగలేక తలుపు తీయనివాళ్లు నీ లెక్కలో ఉండరు.

మిగతావి చిన్న సంగతులు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్ల వరకు గడువు ఉంది, తొందరపడకు. థీసిస్‌కు ముందు పేపరు అచ్చుకావాలన్న షరతును యూజీసీ తీసేసింది, మీ యూనివర్సిటీ ఏమంటుందో కనుక్కో. డబ్బు కట్టించుకుని వారంలో వేసేసే జర్నళ్ల జోలికి పోకు. గైడ్ గారు ఊరు వెళ్లడం వృథా అంటే వాదించకు, పైలట్ అని చెప్పి అనుమతి తీసుకో.

ఎథిక్స్ కమిటీకి పంపేముందు తెలుగు సమ్మతి పత్రం నాకు పంపు. వేలిముద్ర వేసేవాళ్లకు సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. వినిపించడానికి పనికొచ్చేలా రాయాలి కదా. పింఛనుకూ దీనికీ సంబంధం లేదన్న మాట మొదటి వాక్యంలోనే ఉండాలి. మా వీధిలో డెబ్భై దాటినవాళ్లు నలుగురున్నారు, వాళ్లకు పైకి చదివి వినిపించి, ఎక్కడ ఆగి "ఏమిటీ?" అన్నారో గుర్తుపెట్టి పంపుతాను. దసరా లోపు పంపితే మేలు, ఆ తర్వాత కంటి ఆపరేషన్ ఉంది నాకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ