గవర్నరు గారి దినచర్య

ఊరికి సర్పంచి ఉంటారు. మండలానికి తహసీల్దారు, ఎంపీడీవో ఉంటారు. జిల్లాకు కలెక్టరు ఉంటారు. వీళ్లు ఏం పని చేస్తారో మనకు కొంత తెలుసు. ఎప్పుడో ఒకప్పుడు వాళ్ల ఆఫీసు గడప ఎక్కినవాళ్లమే. మరి గవర్నరు గారు? జనవరి 26న జెండా ఎగరేస్తుంటే టీవీలో చూస్తాం. పేపర్లో ఫోటో చూస్తాం. మిగతా రోజుల్లో ఆయన ఏం చేస్తారు? పొద్దున్నుంచి రాత్రి దాకా ఆయన బల్ల మీదికి ఏ కాగితాలు వస్తాయి?

ఈ సంగతి తెలియక కూలి పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు. వితంతు పింఛను ఆగిపోయిందనుకోండి. "కలెక్టరు కంటే పెద్ద, ముఖ్యమంత్రి కంటే పెద్ద, గవర్నరు గారే కదా" అని ఎవరో చెబుతారు. అప్పు చేసి బస్సెక్కి రాజధానికి పోతారు. గేటు దగ్గర అర్జీ ఇచ్చి వస్తారు. ఆ అర్జీ అక్కడినుంచి సచివాలయానికి, సచివాలయం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మళ్లీ మండలాఫీసుకే వస్తుంది. ఎంత పెద్దాయనకు ఇచ్చినా మళ్లీ ఇక్కడికే ఎందుకొచ్చింది? గవర్నరు గారి దినచర్య తెలిస్తే ఇది అర్థమవుతుంది.

ముందు ఒక మాట. గవర్నరును మనం ఓటేసి ఎన్నుకోము. దేశానికి రాష్ట్రపతి ఉన్నారు కదా, ఆయన నియమిస్తారు. మామూలుగా అయిదేళ్లు ఉంటారు. కానీ రాష్ట్రపతి ముందే మార్చవచ్చు. 35 ఏళ్లు నిండిన భారత పౌరులు ఎవరైనా గవర్నరు కావచ్చు. ఆడవాళ్లూ కావచ్చు, అయ్యారు కూడా. ఆ సంగతి తరువాత చూద్దాం. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎదుట ప్రమాణం చేసి పనిలో చేరతారు. నెల జీతం 3 లక్షల 50 వేల రూపాయలు. ఉండే ఇంటిని ఎన్నో ఏళ్లు రాజ్‌భవన్ అన్నారు. 2025 చివరలో చాలా రాష్ట్రాల్లో దాని పేరు లోక్‌భవన్ అని మార్చారు. ఇల్లూ అదే, ఆఫీసూ అదే.

పొద్దున పేపర్లు చదవడంతో పని మొదలవుతుంది. రాష్ట్రంలో ఎక్కడ ఏం జరిగిందో తెలియాలి కదా. ఆ రోజు ఎన్ని గంటలకు ఎవరు వస్తారు, ఎక్కడికి పోవాలి అన్నది ముందుగానే రాసి పెడతారు. వెంట ఉండి ఇవన్నీ చూసుకునే అధికారిని ఏడీసీ అంటారు. సైన్యం నుంచో పోలీసు శాఖ నుంచో వస్తారు. కాగితాల సంగతి చూసే కార్యదర్శి వేరే ఉంటారు. ఆయన ఫైళ్లు తెస్తారు.

ఇక్కడే అసలు పని ఉంది. గవర్నరు గారి దినచర్యలో దండలు, శాలువాలు మనకు కనిపిస్తాయి. కనిపించనిది ఆ ఫైళ్ల కట్ట.

అందులో ఏముంటాయి? శాసనసభలో ఎమ్మెల్యేలు ఒక బిల్లు పాస్ చేశారనుకోండి. బిల్లు అంటే ఇంకా చట్టం కాని కాగితం. దానికి గవర్నరు ఆమోదం రావాలి. సంతకం పడితేనే చట్టం. అంతవరకు బిల్లు బిల్లే. గవర్నరు దాన్ని చదివి సంతకం చేయవచ్చు. "ఇంకోసారి ఆలోచించండి" అని వెనక్కి పంపవచ్చు. సభవాళ్లు మళ్లీ పాస్ చేసి పంపితే ఇక కాదనకూడదు. ఢిల్లీ చట్టంతో తగువు వచ్చే బిల్లయితే రాష్ట్రపతికి పంపుతారు.

ఆడవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన బిల్లు ఒకటి ఇలాగే ఢిల్లీ దాకా పోయింది. హిందూ కుటుంబాల్లో ఉమ్మడి ఆస్తి పుట్టుకతోనే కొడుకులదనీ, కూతురికి అలాంటి హక్కు లేదనీ పాత చట్టం ఉండేది. ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ చట్టాన్ని మార్చింది. కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే హక్కు అంది. అది దేశమంతటికీ ఉన్న చట్టాన్ని మార్చే బిల్లు. అందుకే దానికి రాష్ట్రపతి ఆమోదం కావలసి వచ్చింది. 1986లో ఆ ఆమోదం దొరికింది. 1985 సెప్టెంబరు 5 నుంచే అమలయినట్టు లెక్క. అప్పటికే పెళ్లయిన ఆడపిల్లలకు మాత్రం అది వర్తించలేదు. ఈ మార్పు దేశమంతటికీ రావడానికి 2005 దాకా పట్టింది. ఒక కాగితం ఒక బల్ల మీదినుంచి ఇంకో బల్ల మీదికి పోవడంలో ఎందరి బతుకులు ఉన్నాయో చూడండి.

మరి ఆ కాగితం బల్ల మీదే ఉండిపోతే? అలాంటి తగువులూ వచ్చాయి. 2023లో తెలంగాణ ప్రభుత్వం తన బిల్లులు పది ఆగిపోయాయని సుప్రీంకోర్టుకు పోయింది. "వీలైనంత త్వరగా" అని రాజ్యాంగంలో రాసి ఉందని, ఆ మాటకు విలువ ఉందని కోర్టు చెప్పింది. తమిళనాడులోనూ ఇదే గొడవ. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కేసులో గడువులు పెట్టింది. అదే ఏడాది నవంబరులో అయిదుగురు జడ్జీలు కూర్చుని, గడువు పెట్టే అధికారం కోర్టుకు లేదన్నారు. కానీ కారణం చెప్పకుండా ఏళ్ల తరబడి ఆపి ఉంచడమూ కుదరదన్నారు. నెలలో తేలుతుందా, ఏడాదిలో తేలుతుందా అని అడిగితే జవాబు లేదు. రేషన్ కార్డు దరఖాస్తుకే గడువు అడిగే మనకు ఇది వింతగానే ఉంటుంది.

కట్టలో జైలు కాగితాలూ ఉంటాయి. శిక్ష పడినవాళ్లు "దయచూపండి" అని పెట్టుకునే అర్జీలు అవి. శిక్ష తగ్గించడానికి, రద్దు చేయడానికి గవర్నరుకు అధికారం ఉంది. అయితే మంత్రివర్గం సలహా మీదే చేయాలి. శాసనసభ జరగని రోజుల్లో అత్యవసరంగా చట్టం కావలసి వస్తే ఆర్డినెన్సు వస్తుంది. దాని మీదా గవర్నరు సంతకమే. సభ మళ్లీ మొదలయ్యాక ఆరు వారాల్లో ఆమోదించకపోతే అది చెల్లదు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన మాటకు వద్దాం. ఈ సంతకాల్లో చాలావాటిని గవర్నరు సొంత ఇష్టంతో చేయరు. ముఖ్యమంత్రి, మంత్రులు సలహా చెబుతారు. ఆ సలహా ప్రకారం నడవాలి. ప్రభుత్వ ఉత్తర్వుల మీద "గవర్నరు ఉత్తర్వు మేరకు" అని రాసి ఉంటుంది. అది చదివి ఆయనే అన్నీ చేస్తున్నారనుకుంటాం. నిజానికి నిర్ణయం మంత్రులది, పేరు గవర్నరుది. శాసనసభలో ఏడాది మొదట్లో గవర్నరు ప్రసంగం చదువుతారు. "నా ప్రభుత్వం ఇది చేసింది, అది చేసింది" అంటారు. ఆ ప్రసంగాన్నీ మంత్రివర్గమే రాసిస్తుంది.

కాబట్టి పింఛను ఇమ్మని, ఇల్లు కట్టించమని, రోడ్డు వేయమని గవర్నరు నేరుగా ఉత్తర్వు వేయలేరు. అర్జీ తీసుకుంటారు. సంబంధించిన శాఖకు పంపుతారు. ఏమైందో చెప్పమని అడగవచ్చు. అంతే.

అర్జీలు తీసుకోవడం కూడా దినచర్యలో భాగమే. కలవడానికి చాలామంది వస్తారు. మంత్రులు, అధికారులు, పార్టీలవాళ్లు, సంఘాలవాళ్లు. కొందరు గవర్నరులు మామూలు జనానికీ ఒక రోజు పెట్టారు. తెలంగాణలో తమిళిసై సౌందరరాజన్ గవర్నరుగా ఉండగా 2022 జూన్ 10న హైదరాబాదులో మహిళా దర్బారు జరిపారు. ఆడవాళ్లు వచ్చి తమ కష్టాలు చెప్పుకున్నారు, అర్జీలిచ్చారు. వినేవాళ్లు దొరకడం చిన్న సంగతేమీ కాదు. పని జరగవలసింది మాత్రం ప్రభుత్వ శాఖల్లోనే.

అయితే ఒక్కచోట గవర్నరు సంతకానికి బలం చాలా ఎక్కువ. అది మన్యం. పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు లాంటి ఏజెన్సీ ప్రాంతాలకు రాజ్యాంగంలో అయిదో షెడ్యూలు అని వేరే ఏర్పాటు ఉంది. అక్కడ గిరిజనుల భూమి పోకుండా గవర్నరు ప్రత్యేకంగా నిబంధనలు చేయవచ్చు. రాష్ట్రపతి ఒప్పుకోవాలి. శాసనసభ చేసిన చట్టం ఆ ప్రాంతంలో వద్దని కూడా అనవచ్చు. మన్యంలో "వన్ ఆఫ్ సెవెంటీ" అంటే చదువు రాని అవ్వకు కూడా తెలుసు. 1970లో వచ్చిన ఒకటో నెంబరు నిబంధన అది. ఏజెన్సీలో భూమిని గిరిజనేతరులు కొనడానికి వీల్లేదని చెప్పే కాగితం. అది గవర్నరు పేరు మీద వచ్చిన కాగితమే. దాని అండ చూసుకుని పోయిన చెలకను కోర్టుకెక్కి తిరిగి తెచ్చుకున్న కుటుంబాలున్నాయి. అండ ఉండి కూడా పోగొట్టుకున్న కుటుంబాలూ ఉన్నాయి. ఈ ప్రాంతాల పాలన ఎలా ఉందో గవర్నరు రాష్ట్రపతికి నివేదిక కూడా పంపాలి.

మధ్యాహ్నం, సాయంత్రం సభలు, ప్రయాణాలు ఉంటాయి. చాలా విశ్వవిద్యాలయాలకు గవర్నరే ఛాన్సలరు. తిరుపతిలో 1983లో ఆడపిల్లల కోసం పెట్టిన పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం అలాంటిదే. స్నాతకోత్సవాలకు పోయి పట్టాలిస్తారు. రాష్ట్రంలో రెడ్‌క్రాస్ సంస్థకు కూడా గవర్నరే అధ్యక్షులు. జనవరి 26న రాష్ట్రంలో జెండా ఎగరేసేది గవర్నరు. ఆగస్టు 15న ఎగరేసేది ముఖ్యమంత్రి. 1974 నుంచి ఇలా నడుస్తోంది. ఎవరైనా అడిగితే చెప్పండి, చాలామంది చదువుకున్నవాళ్లకే తెలియదు.

కొన్ని రోజులు మాత్రం మామూలు రోజులు కావు. 1994 డిసెంబరు 12 అలాంటి రోజు. సారా వద్దని నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటం అప్పటికే రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించారు. ఎన్నికలు జరిగాయి, ఎన్.టి.రామారావు గెలిచారు. గవర్నరు కృష్ణకాంత్ ఆయన చేత ప్రమాణం చేయించారు. ముఖ్యమంత్రి అయ్యీ కాగానే రామారావు మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. ప్రమాణం చేయించింది గవర్నరు, ఫైలు మీద నిర్ణయం ముఖ్యమంత్రిది, ఆ ఫైలును అక్కడిదాకా తెచ్చింది ఆడవాళ్లు. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమలైంది. 1997లో మళ్లీ సడలించారు.

అంతకు పదేళ్ల ముందు ఇంకో రోజు ఉంది. 1984 ఆగస్టు 16. గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి వచ్చిన రామారావును గవర్నరు రాంలాల్ ముఖ్యమంత్రి పదవి నుంచి తీసేశారు. నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. సభలో ఎవరికి ఎక్కువమంది ఉన్నారో ముందు లెక్క చూడలేదు. రాష్ట్రం అట్టుడికిపోయింది. గవర్నరును మార్చారు. శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. సలహా ప్రకారం నడిచే పదవి అని చులకనగా చూడవద్దు. ఒక్క రోజులో చేసిన పని నెల రోజులు రాష్ట్రాన్ని రోడ్డు మీద నిలబెట్టింది.

మంత్రివర్గమే లేని రోజులూ వస్తాయి. రాష్ట్రపతి పాలన అంటాం. 1973లో వచ్చింది. 2014లో రాష్ట్రం రెండుగా విడిపోయే ముందూ వచ్చింది. అప్పుడు గవర్నరుగా నరసింహన్ ఉన్నారు. అలాంటప్పుడు ముఖ్యమంత్రి బల్ల మీదికి పోవలసిన ఫైళ్లన్నీ గవర్నరు బల్ల మీదికే వస్తాయి.

ఆడవాళ్ల సంగతి చెబుతామన్నాం. స్వతంత్ర భారతంలో తొలి మహిళా గవర్నరు మన హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు. 1947 ఆగస్టు 15న, ఇప్పటి ఉత్తరప్రదేశ్‌కు గవర్నరయ్యారు. 1949 మార్చి 2న ఆ పదవిలో ఉండగానే లక్నోలో కన్నుమూశారు. ఆమె కూతురు పద్మజా నాయుడు పశ్చిమ బెంగాలుకు గవర్నరుగా పనిచేశారు. పశ్చిమ గోదావరి జిల్లా చేబ్రోలులో పుట్టిన వి.ఎస్.రమాదేవి హిమాచల్‌ప్రదేశ్‌కు, కర్ణాటకకు గవర్నరయ్యారు. ఆంధ్రప్రదేశ్‌కు శారదా ముఖర్జీ, కుముద్‌బెన్ జోషి గవర్నరులుగా వచ్చారు.

ఇక అర్జీ రాసేటప్పుడు చూసుకోవలసినవి. పింఛను, రేషన్, ఇల్లు, ఉపాధి కూలి అయితే ముందు గ్రామ, మండల ఆఫీసుల్లో ఇవ్వండి. పని కాకపోతే సోమవారం కలెక్టరాఫీసులో ఇవ్వండి. జైల్లో ఉన్నవారి దయ అర్జీ అయితే జైలు సూపరింటెండెంటు ద్వారా పంపాలి. గవర్నరుకు రాస్తే రాయవచ్చు, ఎవరూ కాదనరు. పోస్టులో పంపినా చాలు, బస్సెక్కి పోనక్కరలేదు. ఎక్కడిచ్చినా తారీఖు వేయండి. ఊరు, మండలం, జిల్లా రాయండి. వేలిముద్ర కాదు, సంతకం పెట్టండి. ఒక నకలు ఇంట్లో ఉంచుకోండి. అందినట్టు రసీదు అడగండి. నెలలు గడిచినా జవాబు రాకపోతే, "నా అర్జీ ఎక్కడుంది?" అని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 2005లో వచ్చిన చట్టం అది. 30 రోజుల్లో జవాబు చెప్పాలి.

మాట్లాడుకోండి: మీ సంఘంలో ఎవరైనా పెద్ద అధికారికి అర్జీ పెట్టారా? అది ఏ ఏ ఆఫీసులు తిరిగింది? రసీదు ఉందా? ఈ వారం ఒక అర్జీ మీరే సొంతంగా రాసి, పక్కవాళ్ల చేత చదివించండి.