రక్తం గ్రూపుకూ వంకర పళ్లకూ లంకె ఉందా? తేల్చే పద్ధతి ఇదీ

ఎత్తుపళ్లు మా వంశంలోనే ఉన్నాయండీ అనే మాట దంతవైద్యులు రోజూ వినేదే. దవడ తీరు చాలామటుకు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. రక్తం గ్రూపు పూర్తిగా వాళ్ల నుంచే వస్తుంది. అలాంటప్పుడు ఫలానా గ్రూపువాళ్లకు పళ్లు ఎక్కువ వంకరగా ఉంటాయా అని ఎవరికైనా అనుమానం రావచ్చు. దంతవైద్య కళాశాలల్లో ఈ అంశం మీద చిన్న చిన్న పరిశోధనలు జరిగాయి కూడా.

ప్రశ్న కొట్టిపారేయదగ్గదేమీ కాదు. ఎ గ్రూపువాళ్లలో కడుపు క్యాన్సర్ కాస్త ఎక్కువని 1953లోనూ, ఓ గ్రూపువాళ్లలో పేగుపుండు ఎక్కువని ఆ మరుసటి ఏడూ బ్రిటన్ వైద్యులు లెక్కతో చూపించారు. గ్రూపును నిర్ణయించే పదార్థాలు ఎర్రకణాల మీదే కాక నోటి లోపలి పొరలోనూ, ఎక్కువమందికి లాలాజలంలోనూ ఉంటాయి. కాకపోతే ఈ గ్రూపు జన్యువు తొమ్మిదో క్రోమోజోము మీద ఒక్కచోట ఉంది. దవడ ఎదుగుదలలో ఎన్నో జన్యువులకు చెయ్యి ఉంది. వేలు చప్పరించడం, నోటితో గాలి పీల్చడం, పాలపళ్లు ముందే ఊడిపోవడం వీటికి తోడు. ఇన్నింటి మధ్య గ్రూపు వాటా ఎంతో విడదీయాలంటే పని ఓ వరసలో సాగాలి.

కావలసిన సరంజామా

గ్రూపు పరీక్షకు యాంటీ-ఎ, యాంటీ-బి, యాంటీ-డి సీరం సీసాలు, గాజు స్లైడ్లు, ఒకసారి వాడి పారేసే లాన్సెట్లు, స్పిరిట్, దూది, కలపడానికి పుల్లలు. పళ్లు చూడడానికి నోటి అద్దం, మిల్లీమీటర్ల స్కేలు, బుగ్గలను పక్కకు లాగిపట్టే రిట్రాక్టర్లు. పళ్ల అచ్చులు తీసేట్టయితే ఆల్జినేట్ పొడి, డెంటల్ స్టోన్. సీరం సీసాలు 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి.

1. ప్రశ్నను బిగించండి

'గ్రూపుకూ పళ్లకూ సంబంధం' అనేది మరీ వదులుగా ఉన్న ప్రశ్న. పళ్లు ఇరుకుగా ఉండడం వేరు, కింది దవడ ముందుకు రావడం వేరు, పై పళ్లు ఎత్తుగా ఉండడం వేరు. వీటిలో దేన్ని ఏ గ్రూపుతో పోలుస్తున్నారో పని మొదలుపెట్టకముందే కాగితం మీద రాసి తేదీ వేసుకోవాలి. తర్వాత పట్టిక చూసి ప్రశ్న మార్చే దారి అక్కడే మూసుకుపోతుంది.

2. మనుషులను ఎంచుకోండి

మొత్తం పరిశోధనలో గట్టి మెట్టు ఇదే. జవాబు సగం ఇక్కడే తేలిపోతుంది.

క్లిప్పుల విభాగం ఓపీకి వచ్చినవాళ్లనే కూర్చోబెడితే వంకర పళ్లవాళ్లే దొరుకుతారు, అందులోనూ ఖర్చు పెట్టుకోగలవాళ్లే. పళ్లు బాగున్నవాళ్లు ఆ గుమ్మం తొక్కరు. అందుకే బడిలోనో కాలేజీలోనో వరసగా అందరినీ చూడాలి. వయసు పన్నెండు, పదమూడు దాటి శాశ్వత దంతాలు వచ్చినవాళ్లయితే మేలు. ఇప్పటికే క్లిప్పులు వేయించుకున్నవాళ్లనూ, పళ్లు తీయించుకున్నవాళ్లనూ, దవడకు దెబ్బ తగిలినవాళ్లనూ, గ్రహణం మొర్రి ఉన్నవాళ్లనూ, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్లనూ పక్కన పెడతారు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. పెళ్లిళ్లు ఎక్కువగా సొంత కులంలోనే, తెలుగు ఇళ్లలో చాలాచోట్ల మేనరికంలోనూ జరుగుతాయి. ఒక సామాజిక వర్గంలో తరతరాలుగా బి గ్రూపూ ఎక్కువే, దవడ కాస్త ముందుకు ఉండడమూ ఎక్కువే అనుకోండి. అందరినీ ఒకే రాశి పోసి లెక్కేస్తే ఆ రెంటికీ లంకె ఉన్నట్టే కనిపిస్తుంది. నిజానికి రెండూ ఆ కుటుంబాల వెంట వచ్చినవి, ఒకదాని వల్ల ఇంకొకటి వచ్చింది కాదు.

దీనికి మంచి విరుగుడు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే. తల్లి ఎ, తండ్రి ఓ అయిన ఇంట్లో పిల్లలు కొందరు ఎ, కొందరు ఓ కావచ్చు. ఇల్లు ఒకటే, తిండి ఒకటే, వంశం ఒకటే. ఎ గ్రూపుకు దవడ మీద నిజంగా పట్టు ఉంటే, ఇలాంటి చాలా ఇళ్లలో ఎ పిల్లలకూ ఓ పిల్లలకూ తేడా బయటపడాలి. అలాంటి కుటుంబాలను పోగుచేయడం కష్టం, కాలమూ పడుతుంది. అయినా ఇలా కుదిరిన వందమంది, ఓపీలో దొరికిన వెయ్యిమంది కంటే ఎక్కువ చెబుతారు.

3. అనుమతులు

కళాశాల నైతిక కమిటీ ఆమోదం లేనిదే సూది పట్టకూడదు. మైనర్లయితే తల్లిదండ్రుల సంతకం కావాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు దాటిన పిల్లల సమ్మతీ అడగాలి, పన్నెండు దాటితే రాతపూర్వకంగా.

4. రక్తం గ్రూపు తేల్చండి

స్కూలు ఐడీ కార్డు మీద ఉన్న గ్రూపును నమ్మి రాసుకోకండి. ఎప్పుడో ఎవరో నోటిమాటగా చెప్పిందీ అందులో ఉండొచ్చు. పరీక్ష చేయడానికి అయిదు నిమిషాలు చాలు.

ఉంగరం వేలి కొసను స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చి, కొస పక్కగా లాన్సెట్‌తో గుచ్చాలి. స్లైడు మీద విడివిడిగా మూడు సీరం చుక్కలు: నీలం రంగుది యాంటీ-ఎ, పసుపుది యాంటీ-బి, రంగులేనిది యాంటీ-డి. ఒక్కో దాని పక్కన రక్తపు బొట్టు పెట్టి వేర్వేరు పుల్లలతో కలిపి, స్లైడును అటూ ఇటూ మెల్లగా వంచుతూ చూడాలి. చర్య జరిగితే ఎరుపు విరిగి, ఇటుకపొడి లాంటి గింజలు తేలి, చుట్టూ ద్రవం తేటపడుతుంది. జరగకపోతే ఎరుపు నునుపుగా అలాగే ఉంటుంది. నీలం చుక్కలో గింజకడితే ఎ, పసుపులో అయితే బి, రెంటిలో అయితే ఎబి, రెంటిలోనూ లేకపోతే ఓ. మూడోది గింజకడితే పాజిటివ్. రెండు నిమిషాల్లోపే చదవాలి. ఆలస్యమైతే అంచులు ఎండి, గింజలు కట్టినట్టు భ్రమ పెడతాయి.

1952లో ముంబైలో బయటపడిన 'బాంబే గ్రూపు' ఈ స్లైడు మీద ఓ లాగే కనిపిస్తుంది. చాలా అరుదు కాబట్టి ఈ లెక్కను తారుమారు చేయదు. రక్తం ఎక్కించేటప్పుడైతే ప్రాణం మీదికి వస్తుంది.

5. పళ్లు కలిసే తీరు చూడండి

గ్రూపు చూసినవాళ్లు పళ్లు చూడకూడదు. పళ్లు చూసే డాక్టరు చేతికి గ్రూపు లేని, నంబరు మాత్రమే ఉన్న కేస్ షీటు అందాలి. లేకపోతే తెలియకుండానే కన్ను ఒకవైపు మొగ్గుతుంది.

అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో ఇచ్చిన వర్గీకరణే నేటికీ వాడుక. రోగిని వెనక పళ్లు ఆనేలా నోరు మూయమని, బుగ్గ పక్కకు లాగి చూస్తారు. ఆరేళ్లప్పుడు వచ్చే మొదటి పెద్ద దవడపన్ను గుర్తు. పైదాని ముందు మొన కిందిదాని గాడిలో సరిగ్గా కూర్చుంటే క్లాస్ 1. మొన గాడికి ముందు పడితే క్లాస్ 2, అంటే కింది పళ్లు వెనకబడ్డాయి. వెనక పడితే క్లాస్ 3, కింది పళ్లు ముందుకొచ్చాయి. క్లాస్ 1 అయినంత మాత్రాన పళ్లు తీరుగా ఉన్నట్టు కాదు. ముందు పళ్లు ఇరుక్కుని ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండొచ్చు. దాన్ని వేరే గడిలో రాయాలి.

ఇది పళ్ల లెక్క మాత్రమే, దవడ ఎముక లెక్కకు తల పక్కనుంచి తీసే ఎక్స్‌రే కావాలి. పరిశోధన కోసమని పిల్లలకు కొత్తగా ఎక్స్‌రే తీయకూడదు. చికిత్స కోసం తీసినవి ఉంటే వాడుకోవచ్చు. కొన్నాళ్లాగి కొందరిని అదే డాక్టరు మళ్లీ చూడాలి. రెండుసార్లూ ఒకే మాట రాకపోతే ముందు ఆ తేడా సరిచేసుకోవాలి.

6. పట్టిక వేసి లెక్క కట్టండి

అడ్డంగా నాలుగు గ్రూపులు, నిలువుగా మూడు క్లాసులు. కార్ల్ పియర్సన్ 1900లో ఇచ్చిన కై-స్క్వేర్ పరీక్ష దీనికి సరిపోతుంది. లంకె ఏమీ లేకపోతే ఒక్కో గడిలో ఎంతమంది ఉండాలో కట్టి, నిజంగా ఉన్నవాళ్లతో పోలుస్తుందది. ఈ పన్నెండు గడులకు వచ్చిన విలువ 12.59 దాటితే, అంత తేడా కేవలం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం నూటికి అయిదు కంటే తక్కువని అర్థం.

చిన్న ఉదాహరణ వేసుకుందాం. 400 మందిని చూస్తే ఎబి వాళ్లు 30 మంది, క్లాస్ 3 వాళ్లు 20 మంది తేలారు అనుకోండి. లంకె లేకపోతే ఎబి-క్లాస్ 3 గడిలో ఉండాల్సింది ఒకటిన్నర మనిషి. అక్కడికి నలుగురు వస్తే 'ఎబి వాళ్లకు ముప్పు రెండున్నర రెట్లు' అని శీర్షిక పెట్టేయొచ్చు, కానీ అదనంగా వచ్చింది ఇద్దరు, ముగ్గురే. ఇలాంటి గడిలో కనీసం అయిదుగురు ఉండాల్సినంత పెద్ద లెక్క కావాలంటే ఇదే పాళ్లలో 1,300 పైచిలుకు మందిని చూడాలి.

మగపిల్లలు, ఆడపిల్లలు, పాజిటివ్, నెగటివ్ అని ముక్కలు చేసుకుంటూ ఇరవై పోలికలు చేస్తే, అసలు లంకె ఏదీ లేకపోయినా ఒకటైనా 'తేలే' అవకాశం నూటికి అరవై పైనే. మొదటి మెట్టులో రాసి తేదీ వేసుకున్న కాగితం ఇక్కడ అక్కరకొస్తుంది.

7. ఫలితం రాయండి

తేడా తేలినా 'ఈ బడిలో, ఈ వయసువాళ్లలో, ఇంతమందిలో కలిసి కనిపించాయి' అనే వరకే రాయాలి. 'వల్ల' అన్న మాట వాడాలంటే అదే ఫలితం ఇంకోచోట, ఇంకో వర్గంలో, అన్నదమ్ముల పోలికలోనూ నిలవాలి. ఇంతవరకు వచ్చిన చిన్న అధ్యయనాలు ఆ మెట్టు ఎక్కలేదు. తేడా తేలకపోయినా పట్టిక మొత్తం అచ్చు వేయాలి. తేలినవే బయటికొస్తే లేని లంకె ఉన్నట్టు పేరుపడుతుంది.

ఇలాంటి వార్త పేపర్లో చూసినప్పుడు పాఠకులు అడగాల్సినవీ ఈ మెట్లలోవే: ఎవరిని చూశారు, ఒక్కో గడిలో ఎందరున్నారు, ఎన్ని పోలికలు చేశారు? జవాబులు గట్టిగా లేకపోతే కంగారు పడక్కర్లేదు. నేటికి ఏ పిల్లకు క్లిప్పులు వేయాలో నిర్ణయించడంలో గ్రూపు పాత్ర ఏమీ లేదు. నాలుగేళ్లు దాటినా వేలు నోట్లో ఉండడం, నిద్రలో నోరు తెరిచి గాలి పీల్చడం, పాలపన్ను ముందే తీయించాల్సి రావడం మాత్రం ఇవాళే చూసుకోదగ్గవి. అమెరికాలోని ఆర్థోడాంటిస్టుల సంఘం ఏడేళ్లకల్లా ఒకసారి పళ్లు చూపించమంటుంది. అప్పుడు డాక్టరుకు చెప్పాల్సింది కూడా ఈ అలవాట్ల గురించే.