ధాన్యపు సొమ్ము ఖాతాకు చేరు మార్గము



సార్వా యైనను, దాళ్వా యైనను, కల్లమున ధాన్యము తూచినంత మాత్రమున రైతు కష్టము తీరదు. సొమ్ము చేతికి వచ్చినప్పుడే తీరును. ప్రభుత్వ కొనుగోలు కేంద్రములలో అమ్మిన ధాన్యమునకు నేడు సొమ్ము బ్యాంకు ఖాతాలోనే జమ యగుచున్నది. ఎరువుల కొట్టులోను, సంతలోను ఫోను మీదనే చెల్లింపులు సాగుచున్నవి. ఈ సొమ్ము ఒక బ్యాంకు నుండి వేరొక బ్యాంకునకు ఏ దారిన పోవునో, ఆ దారిని నడుపువా రెవరో రైతు తెలిసికొనుట అవసరము. తెలియనిచో సొమ్ము నడుమ నిలిచినపుడు ఎవరి నడుగవలెనో తోచదు. మోసగాని మాట నమ్మి నష్టపడుటయు సంభవించును.

పూర్వపు స్థితి

పూర్వము ఏ బ్యాంకు లెక్కలు ఆ బ్యాంకువే. రాజమహేంద్రవరము నుండి హైదరాబాదులోని మరియొక బ్యాంకు ఖాతాకు సొమ్ము పంపవలెనన్న డ్రాఫ్టు తీయవలెను. లేదా చెక్కు పంపవలెను. అది సొమ్ముగా మారుటకు రోజులు పట్టెడిది. ఏటీయం యంత్రములు వచ్చిన తొలి దినములలో గూడ సాధారణముగా ఒక బ్యాంకు కార్డు ఆ బ్యాంకు యంత్రమునందే చెల్లెడిది.

హైదరాబాదులో పడిన పునాది

ఈ చిక్కును విడదీయు పనిలో మన తెలుగు గడ్డకు ముఖ్యమైన పాలు కలదు. 1996లో రిజర్వు బ్యాంకు హైదరాబాదు నందు బ్యాంకింగు సాంకేతిక పరిశోధన సంస్థను నెలకొల్పినది. ఈ సంస్థ 1999లో బ్యాంకుల నడుమ వార్తలు భద్రముగా పోవుటకు 'ఇన్ఫినెట్' అను ప్రత్యేక మార్గమును ఏర్పరచినది. 2004 ఆగస్టులో 'నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్' ను ప్రారంభించినది. వేర్వేరు బ్యాంకుల ఏటీయం యంత్రములను ఒకదానితో నొకటి కలుపునదే ఈ స్విచ్.

చెల్లింపుల కార్పొరేషను

చెల్లింపుల పద్ధతులపై 2007లో పార్లమెంటు చట్టము చేసినది. ఆ వెనుక రిజర్వు బ్యాంకు, బ్యాంకుల సంఘము చొరవతో 2008 డిసెంబరులో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అను కంపెనీ ఏర్పడినది. స్టేట్ బ్యాంకు, కెనరా, యూనియన్ మొదలగు 10 బ్యాంకులు దీనికి మూలధనము పెట్టినవి. లాభాపేక్ష లేని కంపెనీగా దీనిని నమోదు చేసిరి. ముఖ్య కార్యాలయము బొంబాయి, అనగా నేటి ముంబయి. 2009 డిసెంబరులో హైదరాబాదు సంస్థ తన స్విచ్‌ను ఈ కంపెనీకి అప్పగించినది.

పిదప అభివృద్ధి వేగముగా జరిగినది. 2010 నవంబరులో పగలు రాత్రి అనక తక్షణము సొమ్ము పంపు ఐయంపీయస్ వచ్చినది. 2012లో స్వదేశపు కార్డు రూపే వెలువడినది. 2016 ఏప్రిల్ 11న యూపీఐ ప్రారంభమైనది. ఇంటర్నెట్టు లేని సాదా ఫోనుతో గూడ సొమ్ము పంపు మరియొక ఏర్పాటు 2022 మార్చిలో జరిగినది.

ఇది పనిచేయు తీరు

గోదావరి నీరు ధవళేశ్వరము వద్ద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలలోనికి చీలును. లస్కరు ఉత్తరువు ననుసరించి తలుపు లెత్తును, దించును; నీరు మాత్రము అతనిది కాదు. ఈ కార్పొరేషను పని యిట్టిదే. మీ సొమ్ము దీనియొద్ద నిలువ యుండదు. మీరు ఫోనులో రహస్య సంఖ్య నొక్కగానే ఈ స్విచ్ మీ బ్యాంకునకు "ఇంత తగ్గింపుము" అనియు, పుచ్చుకొనువాని బ్యాంకునకు "ఇంత జమ చేయుము" అనియు వార్త పంపును. బ్యాంకుల నడుమ అసలు బాకీలను రోజులో పలుమార్లు లెక్కగట్టి, రిజర్వు బ్యాంకు నందలి వాని ఖాతాలలో తీర్చుకొందురు.

దీనినుండి రైతు గ్రహింపవలసిన ముఖ్య సూత్రమొకటి కలదు. రహస్య సంఖ్య మీ చెరువు తూమునకు తాళపుచెవి వంటిది. నీరు బయటకు వదలుటకే అది కావలెను. లోనికి వచ్చు నీటికి అక్కరలేదు. "మీకు సొమ్ము పంపుచున్నాను, మీ సంఖ్య నొక్కుడు" అని యెవరైన ననినచో అది మోసమని నిశ్చయముగా తలంపుడు.

పాటింపవలసిన జాగ్రత్తలు

1. ఆధారు ద్వారా వచ్చు ప్రభుత్వ సహాయము, మీ ఆధారు సంఖ్యకు చివరిగా ఏ బ్యాంకు ఖాతా జతపరచబడెనో ఆ ఖాతాకే చేరును. రెండు మూడు ఖాతాలున్నవారు ఏది జతపడినదో బ్యాంకులో విచారించి వ్రాసి యుంచుకొనవలెను. సొమ్ము రాలేదని యనుకొనువారిలో కొందరికి అది పాత ఖాతాలో పడియుండును.

2. ఊరిలో వేలిముద్ర యంత్రముపై సొమ్ము తీయువారు ముద్ర వేయుటకు ముందు ఎంత మొత్తము నమోదు చేసిరో అడుగవలెను. రసీదు తీసికొనవలెను. "పడలేదు, మరల వేయుడు" అన్నచో మొదటి ముద్రకు ఖాతాలో తగ్గినదేమో చూచుకొని గాని మరల వేయరాదు.

3. యూపీఐలో ఒకరికి పంపిన సొమ్ము మీ ఖాతాలో తగ్గి, వారికి చేరనిచో, మరుసటి రోజునకు తిరిగి రావలెను. కొట్టువానికి చెల్లించినది గాని, ఏటీయంలో చేతికి రానిది గాని అయినచో 5 రోజుల గడువు. గడువు దాటినచో రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారము చెల్లింపవలెనని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఉత్తరువు చేసినది. తేదీ, మొత్తము, లావాదేవీ సంఖ్య వ్రాసి మీ బ్యాంకునకు అర్జీ ఇండు.

4. మోసము జరిగినచో సిగ్గుపడి దాచరాదు. వెంటనే 1930 నంబరునకు ఫోను చేసి, బ్యాంకునకు గూడ తెలుపుడు. ఆలస్యమైన కొలది సొమ్ము చేతులు మారిపోవును.

పంటకాలువకు గండి పడినచో తెల్లవారువరకు ఆగక అప్పుడే పోయి పూడ్చుదుము. ఖాతా విషయమునను అంత చురుకుదనము వహించినచో, ఆరు మాసముల చెమట ఫలము మన యింటనే నిలుచును.