చేపకంటి కటకము



గత సంవత్సరము పదవ తరగతి వారి ఛాయాచిత్రమును తీయుటకు మేము ఒక మిత్రునియొద్ద డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరాకు తగిలించెడి చేపకంటి జూము కటకమును ఎరువు దెచ్చితిమి. వరండాకును ప్రహరీగోడకును నడుమ చోటు చాలదు గనుక ఇదియే శరణ్యమని తలచితిమి. చిత్రమున అందఱును బడిరి. కాని చిట్టచివర నిలిచిన బాలుడు విల్లువలె వంగి, తలయు పాదములును లోనికి తిరిగి కనబడెను. "మాష్టారూ, నేనొక్కడనే ఇట్లు వంగితి నేల?" అని యతడు మెల్లగా నడిగెను. మాకు వెంటనే యుత్తరము తోచలేదు.

నీటిలోని చేప పైకి చూచినపుడు దానికి లోకమంతయు ఒక గుండ్రని కిటికీలో అగపడును. నీటిమట్టము నంటి వచ్చెడి కిరణము సయితము లోపల ప్రవేశించునపుడు వక్రీభవనముచే లంబమునకు సుమారు 48½ డిగ్రీలలోనికే వంగును. కావున తీరమునందలి చెట్టు మొదలుకొని నడినెత్తి మేఘము వఱకు సమస్తమును సుమారు 97 డిగ్రీల శంఖువులో నిముడును. అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడగు రాబర్టు వుడ్ 1906లో నీటి సాయముననే అట్టి చిత్రములను దీసి, వానికి చేపకంటి దృశ్యములని పేరిడెను. ఆకాశమంతటి మేఘములను ఒక్క చిత్రమున బంధించుటకు రాబిన్ హిల్ వర్ణించిన గాజు కటకము 1924 నాటిది.

ఇక లెక్కకు వత్తము. మామూలు కటకము సరళరేఖను సరళరేఖగానే చూపును. అట్లు చూపవలెనన్న, బింబము కేంద్రమునుండి తొలగెడి దూరము కోణముయొక్క టాంజెంటు ననుసరించి పెరుగవలెను. 90 డిగ్రీల టాంజెంటునకు అంతు లేదు! అంతటి ఫలకము ఏ కెమెరాలో నుండును? చేపకంటి కటకములు పెక్కు మఱియొక దారి త్రొక్కును. నాభ్యంతరమునకు రెండింతలు తీసికొని, కోణములో సగమునకు సైన్ కట్టి గుణించిన వచ్చునదే వానియందలి దూరము.

కేనన్ వారు 2011లో విక్రయమునకు దెచ్చిన 8–15 మిల్లీమీటర్ల జూము కటకమును తీసికొందము. 8 వద్ద, 90 డిగ్రీలకు ఈ దూరము సుమారు 11.3 మి.మీ. అనగా వృత్తపు వ్యాసము 22.6. 24కు 36 మి.మీ. ఫలకముపై నల్లని చీకటి నడుమ పూర్ణచంద్రునివలె బింబము నిలుచును. 15 వద్ద అది 21.2 అగును, ఫలకపు కర్ణములో సగము 21.6. అందుచే బింబము మూలమూలలకు నిండును. నడుమ 12 వద్ద వృత్తమును దక్కదు, మూలలును నిండవు. ఆ స్థానము మాకు రుచింపదు. చిన్న ఫలకముగల కెమెరాలయందు 10 మి.మీ. వద్దనే చిత్రము నిండును. టొకీనా వారి 10–17 కటకము అట్టి వానికొఱకే చేయబడినది.

ఇపుడు ఆ బాలుని ప్రశ్న. చిత్రకేంద్రముగుండా పోవు రేఖ వంగదు. కేంద్రమునకు దూరముగా, ప్రక్కగా పోవు రేఖయే వంగును. చివర నిటారుగా నిలిచినవాడు అట్టి రేఖయే గదా! దోషము వానిదియు గాదు, కటకమునదియు గాదు; వరుసను సూటిగా నిలిపిన మాది.

వారము దినములకు మరల తీసితిమి. కెమెరాను ముఖముల యెత్తున నుంచి, విద్యార్థులను దానిచుట్టు అర్ధచంద్రాకారముగా నిలిపితిమి. అందఱును సమదూరమున నుండుటచే ముఖములు ఇంచుమించు సమానముగా వచ్చెను. తలలు మధ్యరేఖపై బడెను గనుక ఆ వరుస వంగలేదు. కాళ్లుమాత్రము చివరలయందు లోనికి తిరిగెను. ఆ భాగమును కత్తిరించివేసితిమి. ఆ బాలుని నడుమకు రమ్మని పిలిచితిమి గాని వాడు రాలేదు. మునుపటి చోటనే, చిట్టచివర, నిటారుగా నిలిచెను.